చిన్న దవడలో 42 పళ్లు: బుల్లి కుక్కల నోటి చరిత్ర

ఈరోజు కుక్కల చరిత్ర మాట్లాడుకుందాం. మొత్తం చరిత్ర కాదు, నోరు ఒక్కటే. "కుక్క నోటికి కూడా చరిత్ర ఉంటుందా బ్రో?" అని నవ్వకండి. ఉంది. 14,000 ఏళ్ల చరిత్ర ఉంది.

ముందు ఒక చిన్న విషయం. నా చిన్నప్పుడు మా ఇంట్లో బన్నీ అని ఒక తెల్ల కుక్క ఉండేది. బొచ్చు కుక్క, ఒళ్లో పట్టేంత సైజు. దాని నోరు ఎప్పుడూ వాసన వచ్చేది. ముఖం నాకడానికి వస్తే "ఛీ పో" అనేవాళ్లం. కుక్క నోరు కదా, వాసన రాక సెంటు వాసన వస్తుందా అనుకునేవాళ్లం. దానికి తొమ్మిదేళ్లు వచ్చేసరికి చపాతీ ముక్క వేస్తే వాసన చూసి వదిలేసేది. పెరుగన్నం పెడితే మాత్రం తినేది. "వయసైంది, మొండికేస్తోంది" అన్నాడు నాన్న. ఒకరోజు కంటి కింద నిమ్మకాయంత వాపు వచ్చింది. కంటి జబ్బేమో అని ఆసుపత్రికి తీసుకెళ్తే, డాక్టర్ గారు కన్ను చూడలేదు, పెదవి పైకెత్తి చూపించారు. పై దవడ పన్ను వేరు దగ్గర చీము పట్టింది. చాలా పళ్లు కదులుతున్నాయి. పళ్లన్నీ గోధుమరంగు గార కింద దాక్కుని ఉన్నాయి.

అప్పుడు మా అమ్మ అడిగిన మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. "ఏమండీ డాక్టరు గారూ, ఇన్నాళ్లూ ఇది నొప్పితోనే తోక ఊపిందా?"

ఆ ప్రశ్న దగ్గర్నుంచే ఈ ఎపిసోడ్ మొదలవుతుంది. చిన్న కుక్కలకే ఈ పళ్ల గొడవ ఎందుకు ఎక్కువ? మనం చూసుకోకపోవడం వల్లేనా, లేక ఇంకా వెనక్కి వెళ్లాలా? వెళ్లాలి. చాలా వెనక్కి వెళ్లాలి.

ఒక నంబర్ గుర్తుపెట్టుకోండి: 42. పెద్దయ్యాక తోడేలుకి 42 పళ్లు. కుక్కకీ 42 పళ్లే. మనకి 32. ఇప్పుడు గ్రేట్ డేన్ తల ఊహించుకోండి, పక్కనే చివావా తల ఊహించుకోండి. ఒకటి బిందెంత, ఇంకొకటి బత్తాయి పండంత. రెండింటి నోట్లోనూ 42 పళ్లే ఉండాలి. కథంతా ఇందులోనే ఉంది. కానీ ఆ బత్తాయి పండంత తల ఎలా వచ్చిందో తెలియాలంటే, కుక్క మన ఇంటికి వచ్చిన రోజుల్లోకి వెళ్లాలి.

1914లో జర్మనీలో, ఇప్పుడు బాన్ నగరంలో భాగమైన ఓబర్‌కాసెల్ అనే చోట, రాళ్ల క్వారీలో పనిచేస్తున్న కూలీలకి ఒక పాత సమాధి దొరికింది. అందులో ఒక మగమనిషి, ఒక ఆడమనిషి, వాళ్లతో పాటు ఒక కుక్క ఎముకలు. సుమారు 14,000 ఏళ్ల నాటివి. మనుషులతో కలిపి పాతిపెట్టిన కుక్కల్లో మనకి తెలిసిన అతి పాత వాటిలో ఇదొకటి.

2018లో పరిశోధకులు ఆ కుక్క పళ్లని మళ్లీ పరీక్షించారు. ఆ బృందంలో ల్యూక్ యాన్సెన్స్ అనే వెటర్నరీ డాక్టర్ ఉన్నాడు. పన్ను తయారయ్యేటప్పుడు ఒంట్లో పెద్ద జబ్బు చేస్తే, పంటి పైపొర మీద ఒక గీతలా లోపం మిగిలిపోతుంది. అది జీవితాంతం చెరగదు. చెట్టు మొద్దులో వలయాలు చూసి ఏ ఏడు కరువొచ్చిందో చెప్పినట్టే, పంటి మీద గీతలు చూసి ఏ వారంలో జబ్బు చేసిందో చెప్పొచ్చన్నమాట. ఈ కుక్క పళ్ల మీద అలాంటి గీతలు కనిపించాయి. 19వ వారంలో ఒకటి, తర్వాత 21, 23 వారాల్లో. అది బహుశా డిస్టెంపర్ అని వాళ్లు తేల్చారు. ఇప్పుడు మనం కుక్కపిల్లలకి టీకా వేయించే జబ్బే. దాంతో పాటు చిగుళ్ల జబ్బు కూడా తీవ్రంగా ఉంది.

ఇప్పుడు ఆలోచించండి. డిస్టెంపర్ వస్తే చాలా కుక్కపిల్లలు మూడు వారాల్లో చనిపోతాయి. ఇది మాత్రం ఆ తర్వాత కూడా బతికి, సుమారు ఏడు నెలల వయసులో చనిపోయింది. అంటే జబ్బుతో ఉన్నన్నాళ్లూ ఎవరో దానికి నీళ్లు తాగించారు, వెచ్చగా ఉంచారు, శుభ్రం చేశారు. అది వేటకి పనికిరాదు, కాపలాకి పనికిరాదు. అయినా చూసుకున్నారు. వ్యవసాయం లేని, ఊరు లేని కాలంలో. ఇదంతా మనకి ఎవరు చెప్పారు? ఆ కుక్క పళ్లే చెప్పాయి.

సరే, ఇది బుల్లి కుక్క కాదు కదా అంటారేమో. కరెక్టే. చిన్న కుక్కల సంగతికి ఇప్పుడొద్దాం.

కుక్క చిన్నదిగా ఎలా అయింది? 2007లో అమెరికా శాస్త్రవేత్తలు ఒక జన్యువుని గుర్తించారు. ఐజీఎఫ్-1 దాని పేరు. ఒంటి ఎదుగుదలని నడిపించే జన్యువు అది. చిన్న జాతి కుక్కలు దాదాపు అన్నింటిలోనూ దీనిది ఒకే రకం కనిపించింది. 2022లో ఇంకో విశేషం బయటపడింది. ఎదుగుదలని తగ్గించే మార్పు 54,000 ఏళ్ల నాటి సైబీరియా తోడేలులో కూడా ఉంది. అంటే చిన్న సైజుని మనం కనిపెట్టలేదు. ప్రకృతిలో ముందే ఉంది. మనం చేసింది ఎంచుకోవడం. ఈతలో చిన్న పిల్లని ఉంచుకోవడం, దాన్ని ఇంకో చిన్నదానితో జత కట్టించడం, వాటి పిల్లల్లో ఇంకా చిన్నదాన్ని ఎంచుకోవడం. తరాల తరబడి అదే పని.

ఇక్కడే మెలిక ఉంది. ఒళ్లు తగ్గింది, దవడ తగ్గింది, కానీ పళ్లు అదే లెక్కలో తగ్గలేదు. చిన్న కుక్కల్లో దవడ ఎముకతో పోలిస్తే పళ్లు పెద్దవి. కింది దవడలో ఉండే పెద్ద నమిలే పన్ను వేరు, దవడ ఎముక అంచు దాకా దిగిపోతుంది. చిన్న గదిలో పెద్ద బీరువా పెట్టినట్టు అన్నమాట. పళ్లు ఒకదాన్నొకటి తోసుకుంటాయి, పక్కకి తిరుగుతాయి, సందుల్లో తిండి ఇరుక్కుంటుంది. దానికి తోడు చిన్న జాతుల్లో పాలపళ్లు సమయానికి ఊడవు. కోర పక్కన ఇంకో కోర, రెండు వరుసల్లా ఉంటాయి. చిగురు కొంచెం కరిగితే చాలు, ఎముక కూడా పోతుంది. జబ్బు ముదిరిపోయిన చిన్న కుక్కకి, మామూలుగా ఏదో కొరికినా కింది దవడ విరిగిన సందర్భాలు ఉన్నాయి. పెద్ద కుక్కలో అయితే పంటి కింద ఇంకా బోలెడు ఎముక ఉంటుంది కాబట్టి ఆ ప్రమాదం తక్కువ.

ఇది ఈమధ్య మొదలైన సమస్య అనుకుంటే పొరపాటు. రోమన్ కాలానికి వెళ్దాం. గ్రీకులకీ రోమన్లకీ ఒళ్లో పెట్టుకునే బుల్లి కుక్కలంటే ప్రాణం. మెలీటా కుక్కలు అని వాటికి పేరు. క్రీస్తు పూర్వం 4వ శతాబ్దంలోనే అరిస్టాటిల్ వాటిని ప్రస్తావించాడు. మార్షియల్ అనే రోమన్ కవి, పబ్లియస్ అనే ఆయన పెంచుకున్న ఇస్సా అనే చిన్న కుక్క మీద ఏకంగా పద్యమే రాశాడు. ఆ పబ్లియస్ తన కుక్కకి బొమ్మ కూడా గీయించుకున్నాడట. అంటే ఇప్పుడు మనం కుక్క పేరుతో ఇన్‌స్టా అకౌంట్ తెరిచినట్టే.

ఇప్పటి ట్యునీషియాలో కార్తేజ్ అనే పాత నగరం ఉంది. అక్కడ యాస్మినా అనే రోమన్ శ్మశానంలో తవ్వితే, క్రీ.శ. 3వ శతాబ్దం నాటి ఒక సమాధి బయటపడింది. టీనేజ్ వయసు దాటీ దాటని మనిషిది. ఆ మనిషి కాళ్ల దగ్గర ఒక బుల్లి కుక్క. మాల్టీస్ లాంటి జాతి. కుక్క భుజం వెనక ఒక గాజు గిన్నె పెట్టారు. ఎముకలు పరీక్షిస్తే, అది బాగా ముసలి కుక్క అని తెలిసింది. కీళ్లు అరిగిపోయాయి. తుంటి ఎముక జారిపోయింది. వెన్నెముక పాడైంది. ఇక నోట్లో చాలా పళ్లు లేవు. చనిపోయాక రాలినవి కావు, బతికుండగానే ఊడిపోయినవి.

పళ్లు లేవు, సరిగ్గా నడవలేదు. గట్టి తిండి నమల్లేదు. అయినా అన్నేళ్లు ఎలా బతికింది? ఎవరో మెత్తటి తిండి పెట్టారు కాబట్టి. ఆ ఎముకల్ని పరిశోధించిన వాళ్లు కూడా అదే మాట అన్నారు. నాకు మాత్రం ఆ గాజు గిన్నె దగ్గర మనసు ఆగిపోతుంది. అది ఏ ఉద్దేశంతో పెట్టారో మనకి తెలియదు. కానీ మా అమ్మ బన్నీకి పెరుగన్నం కలిపే స్టీలు గిన్నె గుర్తొస్తుంది.

ఒక్క తేడా గమనించండి. కార్తేజ్ వాళ్లకి ఆ కుక్క పళ్లని కాపాడే దారి లేదు. ఊడిపోయాక చూసుకోవడం ఒక్కటే వాళ్ల చేతిలో ఉంది. మనకి దారి ఉంది. ఉన్నా చూడం.

ఇప్పుడు 19వ శతాబ్దానికి దూకుదాం, ఎందుకంటే ఈ రోజు మన ఇళ్లలో ఉన్న బుల్లి కుక్కల రూపం అక్కడే గట్టిపడింది. 1860లో రెండో నల్లమందు యుద్ధంలో బ్రిటిష్, ఫ్రెంచ్ సైన్యాలు బీజింగ్‌లో చైనా చక్రవర్తి వేసవి రాజభవనాన్ని దోచుకున్నాయి, తర్వాత బ్రిటిష్ వాళ్లు తగలబెట్టారు. ఆ దోపిడీలో దొరికిన ఒక పెకినీస్ కుక్కని డన్ అనే కెప్టెన్ తెచ్చి విక్టోరియా రాణికి ఇచ్చాడు. దానికి ఏం పేరు పెట్టారో తెలుసా? లూటీ. అవును, మన లూటీయే. ఇక్కడి నుంచి ఇంగ్లీషులోకి వెళ్లిన మాట. దోచుకొచ్చిన కుక్కకి దోపిడీ అనే పేరు. సిగ్గు కూడా పడలేదు. అది 1872 దాకా రాణి దగ్గరే బతికింది. పెకినీస్, పగ్, షిట్జు లాంటి వాటికి ఇంకో కష్టం ఉంది. వాటికి మూతి కూడా నొక్కేసినట్టు పొట్టి. అదే 42 పళ్లు ఇంకా తక్కువ చోటులో సర్దుకోవాలి.

తర్వాత రాణి గారి మనసు పామెరేనియన్ల మీదకి వెళ్లింది. 1888లో ఇటలీలోని ఫ్లోరెన్స్ వెళ్లినప్పుడు మార్కో అనే చిన్న పామెరేనియన్‌ని తెచ్చుకుంది. అంతకుముందు ఆ జాతి ఇంకా పెద్దగా ఉండేది. రాణి చిన్నదాన్ని ముద్దు చేసేసరికి అందరికీ చిన్నవే కావాల్సొచ్చాయి. అప్పటికే డాగ్ షోలు మొదలయ్యాయి. 1859లో న్యూకాజిల్‌లో, 1873కి కెన్నెల్ క్లబ్, 1891లో క్రఫ్ట్స్ షో. రాణి తన పామెరేనియన్లని క్రఫ్ట్స్‌లో పెట్టింది కూడా. షోలో జడ్జి బొచ్చు చూస్తాడు, నడక చూస్తాడు, సైజు చూస్తాడు. పది, పన్నెండేళ్ల వయసులో దాని చిగుళ్లు ఎలా ఉంటాయో ఏ జడ్జికి కనిపిస్తుంది?

అదే కాలంలో తిండి కూడా మారింది. జేమ్స్ స్ప్రాట్ అనే అమెరికన్ లండన్ వచ్చాడు. ఓడల్లో మిగిలిన గట్టి బిస్కెట్లని రేవు దగ్గర కుక్కలు తినడం చూసి, 1860ల మొదట్లో కుక్క బిస్కెట్ల వ్యాపారం పెట్టాడు. ఇవాళ మన షాపుల్లో కనిపించే డాగ్ ఫుడ్ ప్యాకెట్లకి మూలం అక్కడే. క్రఫ్ట్స్ షో పెట్టిన చార్లెస్ క్రఫ్ట్ ఎవరనుకున్నారు? ఆ స్ప్రాట్ కంపెనీలో పనిచేసిన మనిషే. చిన్న కుక్క ఫ్యాషన్, కుక్క షో, కుక్క తిండి, మూడూ ఒకే బజార్లో పుట్టాయన్నమాట. పళ్ల డాక్టర్ మాత్రం ఆ బజారుకి రాలేదు.

మన దగ్గరికి వద్దాం. బ్రిటిష్ వాళ్లతో పాటు జర్మన్ స్పిట్జ్ రకం కుక్కలు ఇండియాకి వచ్చాయి. ఇక్కడి ఎండలకి అలవాటుపడి ఇండియన్ స్పిట్జ్ అయ్యాయి. మనమంతా దాన్ని పామెరేనియన్ అని పిలిచాం. "హమ్ ఆప్కే హై కౌన్" చూశారా? తెలుగులో "ప్రేమాలయం" పేరుతో వచ్చింది. 1994 సినిమా. అందులో టఫీ ఉంది కదా, అది ఇండియన్ స్పిట్జే. మా బన్నీ కూడా అదే. ఆ రోజుల్లో మధ్యతరగతి ఇళ్లలో ఆ తెల్ల కుక్క, దానికి పాలూ బ్రెడ్డూ, టీలో ముంచిన బిస్కెట్టు, పెరుగన్నం. అంతా ప్రేమే. కానీ అంతా మెత్తగా, పంటికి అంటుకునే తిండి.

ఇంకో మాట. మన ఊళ్లలో పశువుల సంతకి వెళ్తే ఎద్దుని కొనేవాడు ముందు ఏం చేస్తాడు? నోరు తెరిచి పళ్లు చూస్తాడు. రెండు పళ్లదా, నాలుగు పళ్లదా, ఆరు పళ్లదా అని లెక్కేసి వయసు చెప్తాడు. గుర్రాల విషయంలోనూ అంతే, పాశ్చాత్య దేశాల్లో పశువుల పంటి వైద్యం ఎక్కువగా గుర్రాలతోనే పెరిగింది. డబ్బు పెట్టి కొని పని చేయించుకునే జంతువు కాబట్టి నోరు చూశారు. కుక్క ముద్దుకి పెంచుకునేది. ముద్దు పెట్టుకున్నాం కానీ నోరు తెరిచి చూడలేదు. అమెరికాలో జంతువుల దంత వైద్యానికి ఒక సంఘం 1976లో వచ్చింది, ప్రత్యేక వైద్య విభాగంగా గుర్తింపు 1988లో దక్కింది. చంద్రుడి మీద కాలు పెట్టిన తర్వాత అన్నమాట.

ఆ తర్వాత లెక్కలు బయటికి వచ్చాయి. బ్రిటన్‌లో 2016లో 22,000కు పైగా కుక్కల రికార్డులు చూస్తే, ఒక్క ఏడాదిలో ఎనిమిదింటిలో ఒకదానికి చిగుళ్ల జబ్బు రాసి ఉంది. అది డాక్టర్ కంటపడి రికార్డుకెక్కిన లెక్క మాత్రమే. జాతుల వారీగా చూస్తే ముందు వరసలో టాయ్ పూడుల్. అమెరికాలో 30 లక్షలకు పైగా కుక్కల రికార్డులు చూసిన 2021 నాటి అధ్యయనం ఇంకా సూటిగా చెప్పింది. ఆరున్నర కిలోల లోపు బరువుండే జాతులకి, 25 కిలోలు దాటిన జాతుల కన్నా ఈ జబ్బు బయటపడే అవకాశం ఐదు రెట్ల దాకా ఎక్కువ.

ఇది నోటితో ఆగుతుందా? 1996లో 45 కుక్కల మీద చేసిన ఒక పరిశోధనలో, చిగుళ్ల జబ్బు ఎంత ముదిరితే గుండె, కాలేయం, కిడ్నీల కణజాలంలో అన్ని మార్పులు కనిపించాయి. వాపెక్కిన చిగురులోంచి బ్యాక్టీరియా రక్తంలోకి వెళ్తుంది, ఇది నిజం. కానీ ఇక్కడ నిజాయితీగా ఉండాలి. రెండూ కలిసి కనిపించాయంటే ఒకదాని వల్లే ఇంకొకటి వచ్చిందని కాదు. చిన్న కుక్కలకి వయసు మీద పడితే గుండె కవాటం జబ్బు ఎలాగూ ఎక్కువే. కాబట్టి "పళ్లు తోమకపోతే హార్ట్ ఎటాక్" అని ఎవరైనా రీల్ చేస్తే నమ్మేయకండి. భయపెట్టాల్సిన అవసరమే లేదు. నొప్పి ఒక్కటి చాలు కారణంగా. నొప్పి వల్ల సరిగ్గా తినదు, ఆడదు, ముట్టుకుంటే కసురుకుంటుంది. మనం దానికి "ముసలితనం" అని పేరు పెడతాం.

మరి ఏం చేయాలి? నేను డాక్టర్ని కాదు, చరిత్ర చెప్పేవాణ్ణి. అందుకే అందరూ ఒప్పుకున్న విషయాలే చెప్తా. కుక్కలకి మనలా పుచ్చు పళ్లు తక్కువ, పాచి మాత్రం త్వరగా గారగా గట్టిపడుతుంది. కొన్ని రోజులు చాలు. అందుకే రోజూ బ్రష్ చేయడమే అన్నింటికన్నా మంచి పద్ధతి. కుక్కపిల్లగా ఉన్నప్పుడే వేలికి గుడ్డ చుట్టి అలవాటు చేయండి. మన టూత్‌పేస్ట్ వాడొద్దు. కొన్నింటిలో జైలిటాల్ ఉంటుంది, అది కుక్కకి విషం. కుక్కల పేస్ట్ వేరే దొరుకుతుంది. ఎముక ఇస్తే పళ్లు క్లీన్ అవుతాయి అనుకుంటాం, గట్టి ఎముకలు పళ్లని విరగ్గొడతాయి. ఆరేడు నెలలు వచ్చినా పాలపళ్లు ఊడకపోతే డాక్టర్‌కి చూపించండి.

గార పట్టేశాక బ్రష్‌తో పోదు. డాక్టర్ మత్తు ఇచ్చి, చిగురు లోపల కూడా శుభ్రం చేయాలి, ఎక్స్‌రే తీయాలి. "మత్తు లేకుండా గీకేస్తాం" అని ఎవరైనా అంటే, పైకి తెల్లగా కనిపిస్తుంది, జబ్బు లోపలే ఉంటుంది. చిన్న కుక్క కదా, మత్తు ఇస్తే లేవదేమో అని భయం ఉంటుంది. మా ఇంట్లోనూ ఉండింది. ముందు రక్తపరీక్ష చేయించి, గుండె ఎలా ఉందో చూపించుకుని, డాక్టర్‌ని అడిగి నిర్ణయించుకోండి. నోటి వాసన, ఒకవైపే నమలడం, తింటూ తింటూ ముద్ద కింద పడేయడం, కంటి కింద వాపు. వీటిలో ఏది కనిపించినా ఆగొద్దు.

బన్నీ సంగతి చెప్పలేదు కదా. దానికి పద్నాలుగు పళ్లు తీసేశారు. మేమంతా అయ్యో ఇంక ఏం తింటుంది అని ఏడ్చాం. పది రోజులు తిరిగేసరికి నానబెట్టిన చపాతీ తినడం మొదలుపెట్టింది. ఎప్పుడో మానేసిన బంతాట మళ్లీ ఆడింది. అప్పుడు అర్థమైంది మాకు, అది ముసలితనం కాదని. ఇంకో నాలుగేళ్లు ఉంది మాతో.

14,000 ఏళ్ల క్రితం మనిషి చేతిలో ఏమీ లేకపోయినా జబ్బు కుక్కపిల్లని వదల్లేదు. కార్తేజ్‌లో ఎవరో బోసినోటి కుక్కకి మెత్తటి తిండి పెట్టారు. ఆ కుక్కని చిన్నగా చేసింది మనమే, ఇరుకు నోరు ఇచ్చింది మనమే. ఆ నోరు చూసే బాధ్యత కూడా మనదే. కుక్క తోక ఊపుతోందంటే నొప్పి లేదని కాదు. మనల్ని చూసి సంతోషపడిందని, అంతే.

ఈ ఎపిసోడ్ అయిపోగానే ఒక్క పని చేయండి. మీ ఇంట్లోనో, మీ ఫ్రెండ్ ఇంట్లోనో బుల్లి కుక్క ఉంటే, మెల్లగా పెదవి పైకెత్తి ఒకసారి చూడండి. ఏం కనిపించిందో కామెంట్‌లో రాయండి. మళ్లీ కలుద్దాం. ఉంటాను.